గుబులు ఎక్కడ మొదలవుతుంది?

జపాన్ దెయ్యం సినిమాల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ముగింపు బయటపెట్టక తప్పని చోట ఆ మాట ముందే చెప్పాం. సినిమా ఇంకా చూడనివారు ఆ జవాబు దాటేసి ముందుకు వెళ్లవచ్చు.

ప్రశ్న: 'రింగు' చూశాను. మొదటి గంటలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. కేకల్లేవు, రక్తం లేదు. కానీ ఆ రాత్రి హాల్లో టీవీ మీద దుప్పటి కప్పితేగానీ నిద్రపట్టలేదు. ఏమీ జరగకుండానే అంత భయం ఎందుకు వేసినట్టు? (పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఏమీ జరగలేదని మీరనుకున్న ఆ గంటలోనే సినిమా తన పని తాను చేసుకుపోయింది. హిడియో నకాటా 1998లో తీసిన ఈ సినిమాలో ఒక వీడియో క్యాసెట్ ఉంటుంది. అది చూడటం ముగియగానే ఫోన్ మోగుతుంది, సరిగ్గా వారానికి చూసినవాళ్లు చచ్చిపోతారు. విలేకరి రేకో ఆ క్యాసెట్ చూసిన దగ్గర్నుంచీ తెర మీద తేదీ, వారం పడుతుంటాయి. ఇక ఆమె పాత పేపర్లు తిరగేస్తున్నా, ఓషిమా దీవికి పడవెక్కినా మనం లోలోపల రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంటాం. గడువేమో మన చేతిలో పెట్టి సినిమా మాత్రం తాపీగా నడుస్తుంది. ఆ తాపీతనమే మనల్ని కుదురుగా కూర్చోనివ్వదు.

ఇక ఆ క్యాసెట్‌లోని బొమ్మలు. ఒకావిడ అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకుంటుంది. ఉన్నట్టుండి అద్దం ఇటుపక్క నుంచి అటుపక్కకు మారిపోతుంది. అందులో క్షణంపాటు ఇంకెవరో కనిపిస్తారు. అచ్చక్షరాలు చీమల్లా కదులుతాయి. తలకు గుడ్డ కప్పుకున్న మనిషి పక్కకు వేలు చూపిస్తూ నిలబడతాడు. చివర్లో ఒక బావి. విడిగా తీసుకుంటే వీటిలో ఏదీ జడిపించే బొమ్మ కాదు. వరసగా చూస్తే మాత్రం మనసు వాటిని ఒకదానికొకటి ముడివేయాలని చూస్తుంది, ముడి పడదు. ఆ పడని ముడిని పట్టుకునే మనం మిగతా సినిమా అంతా చూస్తాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: ఎటు చూడాలో సినిమా మనకు చెప్పదు. మనకు అలవాటైన భయం సినిమాలో వాద్యాల హోరు పెరుగుతుంది, కెమెరా మెల్లగా తలుపు దగ్గరికి వెళుతుంది, మనం ముందే కళ్లు మూసుకుంటాం. ఇక్కడ ఆ సైగ అందదు. తకాషి షిమిజు తీసిన 'జు-ఆన్' (2002)లో హితోమి అనే అమ్మాయి లిఫ్టులో పైకి వెళుతుంటుంది. లిఫ్టు తలుపుకు అద్దం ఉంటుంది. ఒక అంతస్తు దాటుతుండగా బయట పాలిపోయిన పిల్లాడు నిలబడి లోపలికి చూస్తుంటాడు. పై అంతస్తులోనూ వాడే. ఆ పై అంతస్తులోనూ వాడే. ఆమె చూడదు, సినిమా మనల్ని చూడమనదు. వాణ్ని మనంతట మనమే పట్టుకుంటాం. దర్శకుడు వేలు పెట్టి చూపించినదాన్ని 'సినిమాలే' అని కొట్టిపారేయవచ్చు, మన కంటితో మనం వెతికి పట్టుకున్నదాన్ని అలా అనుకోలేం. ఆ వెతుకులాట సినిమాతో ఆగదు, ఇంటికి వస్తుంది. తలుపు సందు, బీరువా మీది చీకటి, కట్టేసిన టీవీలో కనిపించే గది నీడ. మీరు దుప్పటి కప్పింది అందుకే.

ప్రశ్న: ఏ సినిమా చూసినా అదే తెల్ల గౌను, అదే ముఖం మీది జుట్టు. ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారా? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: 1998 తర్వాత కాపీలు బోలెడు వచ్చాయి, నిజమే. కానీ ఆ వేషానికి సినిమాకన్నా ఎక్కువ వయసు. తెలుపు అక్కడ శవానికి కట్టే బట్ట. బతికున్నవాళ్లు కిమోనోను ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకుంటారు, శవానికి కుడి అంచు పైకి వచ్చేలా కడతారు. పాత కాలపు ఆడవాళ్లు జుట్టు ఎత్తి ముడి వేసుకునేవారు. విరబోసుకున్న జుట్టు కనిపించిందంటే ఆ మనిషి చావుకో పిచ్చికో దగ్గరగా ఉన్నట్టు లెక్క. 18వ శతాబ్దంలో చిత్రకారుడు మరుయామ ఒక్యో ఇలాంటి ఆడ దెయ్యాన్ని పట్టు మీద గీశాడు. నడుము కింద బొమ్మ మసకబారిపోతుంది, పాదాలుండవు. జపాన్ దెయ్యాలకు పాదాలు లేకపోవడం ఆయనతోనే స్థిరపడిందని చెప్పుకుంటారు.

జుట్టు సంగతి కబుకి నాటకాల్లో ఇంకా బాగా తెలుస్తుంది. త్సురుయ నంబోకు రాసిన 'యొత్సుయా కైదాన్' 1825లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మొదటిసారి ఆడింది. ఒయివా అనే ఇల్లాలికి పొరుగింటివాళ్లు మందని చెప్పి విషం పంపుతారు. ముఖం వికృతమైపోతుంది. అది తెలిశాక ఆమె అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటుంది. దువ్వెన లాగినకొద్దీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి ముందు కుప్పపడుతుంది. రంగస్థలం మీద ఆ ఘట్టాన్ని తొందరపడకుండా నడిపిస్తారు. కేకలేమీ ఉండవు, దువ్వెన మాత్రమే కదులుతుంటుంది. 'రింగు' క్యాసెట్‌లో తల దువ్వుకునే ఆవిడను చూసిన జపాన్ ప్రేక్షకుడికి వెనకాల ఈ ఒయివా కూడా కనిపిస్తుంది. ఇప్పటికీ ఆ నాటకం వేసేవాళ్లు ముందుగా టోక్యోలోని ఒయివా గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుంటారు.

పగబట్టిన దెయ్యం ఆడదే కావాలని లేదు. జపాన్ చరిత్రలో అందరికన్నా పేరుమోసిన పగ ఒక పండితుడిది. సుగవార నో మిచిజానె అనే ఆస్థాన కవిని అభాండం వేసి దజైఫుకు వెళ్లగొట్టారు. ఆయన 903లో అక్కడే పోయాడు. తర్వాత రాజధానిలో వరసగా చావులు, 930లో రాజప్రాసాదం మీద పిడుగు. ఇదంతా ఆయన పగేనని నమ్మి గుడి కట్టి దేవుణ్ని చేశారు. ఇప్పుడు పరీక్షల ముందు పిల్లలు మొక్కుకునేది ఆ దేవుడికే. పగను గుడి కట్టి చల్లార్చవచ్చన్నది పాత నమ్మకం. ఈ సినిమాలు ఆ నమ్మకాన్ని తీసేశాయి. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

ప్రశ్న: 'రింగు'లోని దెయ్యం సడాకో నడక మనిషి నడకలా లేదు. గ్రాఫిక్సా? (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: ముగింపు ఇక్కడ బయటపడుతుంది. నడకలో ఉన్నది పాత చిట్కా, గ్రాఫిక్స్ కాదు. సడాకోగా నటించిన రియె ఇనోకు రంగస్థలం మీద ఒంటిని ఆడించిన అనుభవం ఉంది. ఆమెను వెనక్కి, కుదుపులు కుదుపులుగా నడిపించి తీశారు. ఆ ఫిల్మును తిరగేసి వేస్తే ముందుకు వస్తున్నట్టు కనిపిస్తుంది. కన్ను ఎందుకు ఒప్పుకోదంటే, మామూలుగా ఒళ్లు ముందు కదిలి, ఆ వెనక జుట్టూ బట్టా ఊగుతాయి. తిరగేసినప్పుడు జుట్టు ముందు ఊగి తర్వాత ఒళ్లు కదులుతుంది. అడుగు మీద బరువు పడే తీరూ తారుమారవుతుంది. తేడా ఏమిటో చూసేవాడు చెప్పలేడు, కానీ ఒంటికి తెలిసిపోతుంది.

ఆ ఘట్టంలో గమనించాల్సినవి మరికొన్ని. అంతకుముందు బావి దగ్గర ఆగిపోయిన దృశ్యం ఈసారి ఆగదు. బావిలోంచి చెయ్యి, తర్వాత తల. ఆమె టీవీలోంచి గదిలోకి పాకి వచ్చినప్పుడు నేల మీద వేళ్లు దగ్గరగా చూపిస్తారు, వాటికి గోళ్లుండవు. బావి గోడలు గీరి గీరి ఊడిపోయాయని ఎవరూ చెప్పకుండానే మనకు అర్థమైపోతుంది. ముఖం చివరిదాకా చూపించరు. జుట్టు సందులోంచి కిందికి తిరిగిన ఒక్క కన్ను, అంతే. 2002లో హాలీవుడ్ వాళ్లు దీన్నే మళ్లీ తీసినప్పుడు ముఖం చూపించారు. దడుచుకుంటాం, కానీ చూసేశాక ఊహించుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. ఈ ఘట్టానికి ముందు రేకో, ఆమె మాజీ భర్త ర్యూజీ బావిలో దిగి బకెట్లతో నీళ్లు తోడి అస్థిపంజరాన్ని బయటికి తీస్తారు. గడువు దాటినా రేకో బతుకుతుంది. ఆత్మ శాంతించింది, కథ కంచికి అనుకుని మనం ఊపిరి తీసుకుంటాం. మర్నాడు ర్యూజీ ఇంట్లో టీవీ దానంతటదే వెలుగుతుంది. పైన చెప్పిన గుడి నమ్మకం కూలేది ఇక్కడే.

ప్రశ్న: మా ఊళ్లో ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. జపాన్ దెయ్యాలకు అలాంటి విరుగుడు లేదా? (పాఠకురాలు, నల్గొండ)

జవాబు: జనం నోటి కథల్లో ఉంది. 1979లో జపాన్ అంతటా బడిపిల్లల్ని ఒక పుకారు వణికించింది. మాస్కు వేసుకున్న ఒకావిడ దారిలో ఆపి 'నేను బాగున్నానా?' అని అడుగుతుందట. మాస్కు తీస్తే నోరు చెవులదాకా చీలి ఉంటుందట. తప్పించుకోవడానికి పిల్లలు రకరకాల ఉపాయాలు చెప్పుకున్నారు. 'పర్వాలేదు' అని ఎటూ కాని జవాబు చెప్పాలి, జుట్టుకు రాసే 'పొమేడ్' పేరు మూడుసార్లు అనాలి, పంచదార పాకం బిళ్లలు విసరాలి. దెయ్యాన్ని మాటతో బోల్తా కొట్టించవచ్చన్న ధీమా ఉంది చూశారా, మన తలుపు మీది రాతలో ఉన్నదీ అదే. గుళ్లో ఇచ్చే తాయెత్తు కాగితాలు, ఉప్పు చల్లడం అక్కడా ఉన్నాయి.

1990ల సినిమాలు ఆ ధీమా మీదే గురిపెట్టాయి. రచయిత చియాకి కొనాకా, దర్శకుడు నోరియో త్సురుతా 1991 నుంచి నేరుగా క్యాసెట్ల మీద విడుదలయ్యే చిన్న చిన్న దెయ్యం కథలు తీశారు. ఆ పని నుంచి వచ్చిన సూత్రాలనే 'కొనాకా సిద్ధాంతం' అంటారు. దెయ్యం మాట్లాడకూడదు. దెయ్యం కంటితో చూస్తున్నట్టు షాట్ పెట్టకూడదు. ఎందుకొచ్చింది, ఏం కావాలి అన్నవి ముడివేసి చెప్పకూడదు. మనిషి నిలబడని చోట దాన్ని నిలబెట్టాలి. మాట్లాడని దానితో బేరం కుదరదు, 'రేపు రా' అని చెప్పినా అది వినదు. 'జు-ఆన్' ఇల్లు చూడండి. అందులో అడుగుపెట్టడమే తప్పు. పాలవాడైనా, ముసలమ్మను చూసుకోవడానికి వచ్చిన అమ్మాయైనా ఒకటే. దుప్పటి ముసుగేసుకుంటే చాలని చిన్నప్పటినుంచీ నమ్ముతాం కదా, షిమిజు ఆ దుప్పటి లోపలే దెయ్యాన్ని పెట్టాడు.

ప్రశ్న: నీళ్లు, తడి, బావులు ఎందుకంత? (పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: బావి పాత కథల నుంచి వచ్చింది. ఒకికు అనే పనిపిల్ల పది పళ్లేల్లో ఒకటి పోయిందన్న నింద మీద బావి పాలవుతుంది. రాత్రిళ్లు లోపల్నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడుతుంది, తొమ్మిది దగ్గర ఆగి గొల్లుమంటుంది. హిమేజీ కోటలో ఆమె పేరుతో ఇప్పటికీ ఒక బావి చూపిస్తారు. కాలం కూడా కలిసొచ్చింది. జూన్, జులై నెలల్లో అక్కడ ముసురు, ఆ వెంటనే ఉక్కపోసే వేసవి. పితృదేవతలు ఇంటికి వస్తారని నమ్మే ఒబోన్ పండుగ వచ్చేదీ వేసవిలోనే. ఒంటికి చలి పుట్టించడానికి దెయ్యం కథలు వేసవిలో చెప్పుకోవడం వాళ్ల ఆనవాయితీ.

నకాటా తీసిన 'డార్క్ వాటర్' (2002) దీన్ని అద్దె ఫ్లాట్‌లోకి తెచ్చింది. విడాకుల గొడవలో ఉన్న తల్లి, చిన్న కూతురు, పడకగది పైకప్పు మీద ఒక తడి మరక. మరక పెరుగుతుంది. కాపలాదారు పట్టించుకోడు. కూతుర్ని భర్త లాగేసుకుంటాడేమోనన్న బెంగ ఒక పక్క, ఎన్నిసార్లు పారేసినా తిరిగొచ్చే ఎర్ర సంచి మరో పక్క. పైనుంచి నీళ్లు కారే ఫ్లాట్‌లో బతికినవారికి ఈ సినిమా మిగతావారికన్నా పది నిమిషాలు ముందే ఎక్కుతుంది.

ప్రశ్న: ఈ సినిమాల్లో నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. అయినా శబ్దమే ఎక్కువ భయపెట్టిందనిపించింది. భ్రమా? (పాఠకుడు, బెంగళూరు)

జవాబు: భ్రమ కాదు. దీనికి దారి వేసినవాడు సంగీత దర్శకుడు తోరు తకెమిత్సు. మసాకి కొబయాషి 1964లో తీసిన 'క్వైదాన్'లో 'నల్ల జుట్టు' అనే కథ ఉంది. వదిలేసిన భార్య దగ్గరికి ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన సమురాయి, తెల్లారాక పక్కలో ఉన్నదేమిటో చూసి ఇల్లంతా పరుగెడతాడు. కుళ్లిన చెక్క నేల కాళ్ల కింద విరుగుతుంది. మనకు ఆ విరిగిన చప్పుడు వినిపించదు. నిశ్శబ్దం. కాస్త ఆగి, వేరే చోట, చెక్క చీలుతున్న శబ్దం వస్తుంది. చూసేదానికీ వినేదానికీ లంకె తెగిపోయేసరికి, ఇల్లు ఇంకేదో లెక్క ప్రకారం నడుస్తోందని అనిపిస్తుంది.

కియోషి కురొసావా తీసిన 'క్యూర్' (1997)లో ఇంకో పద్ధతి. డిటెక్టివ్ తకాబే ఇంటికి వచ్చేసరికి వాషింగ్ మెషీన్ తిరుగుతుంటుంది. మూత తీస్తే లోపల బట్టలే లేవు. భార్య మనసు బాగాలేదు. ఆపేస్తాడు. ఆ గరగర ఆగిన తర్వాతి నిశ్శబ్దం ముందున్న నిశ్శబ్దంలా ఉండదు. అదే సినిమాలో పోలీస్ చౌకీ ముందు ఒక కానిస్టేబుల్ తోటి కానిస్టేబుల్‌ను తుపాకీతో కాలుస్తాడు. కెమెరా దూరంగా ఉంటుంది, దగ్గరికి పోదు, సంగీతం లేదు. వీధిలో మామూలు పగలు. చెత్త బుట్ట సర్దినంత మామూలుగా కాల్చి, తన పని తాను చూసుకుంటాడు. ఇంతకు మించిన భయం షాటు ఈ పాతికేళ్లలో రాలేదని మా గట్టి నమ్మకం.

ప్రశ్న: ఫోన్లో చూశాను, బోరు కొట్టింది. నాలోనే లోపమా? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: లోపం ఫోన్లో ఉంది. వెనకాల మూలలో మసగ్గా నిలబడిన మనిషి ఆరంగుళాల తెర మీద నాలుగు చుక్కలు, పైగా గదిలోని లైటు దాని మీద పడి మెరుస్తుంది. టీవీలో చూడండి. 43 అంగుళాల టీవీకి ఐదారు అడుగుల దూరంలో కూర్చోవాలి. టీవీ సెట్టింగుల్లో 'మోషన్' పేరుతో ఒకటి ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు అది మధ్యలో ఫ్రేములు కల్పించి నున్నగా చేస్తుంది. దాన్ని ఆపేయండి. లేకపోతే సడాకో నడక సీరియల్ నడకైపోతుంది. పిక్చర్ మోడ్ 'వివిడ్'లో ఉంటే 'సినిమా'కు మార్చండి. బ్రైట్‌నెస్‌కు ఒక చీకటి దృశ్యంలో ఆపి చూసుకోండి: నల్ల జుట్టుకూ వెనకున్న చీకటికీ మధ్య గీత లీలగా తెలియాలి. బూడిద రంగు పొగలా ఉంటే ఎక్కువైంది, రెండూ కలిసి ఒకే మడ్డి అయితే తక్కువైంది.

లైట్లన్నీ ఆర్పక్కర్లేదు. టీవీ వెనక ఒక చిన్న దీపం ఉంచితే కంటికి శ్రమ తగ్గి చీకటి భాగాలు ఇంకా బాగా కనిపిస్తాయి. మన ఇళ్లలో అసలు ఇబ్బంది సీలింగ్ ఫ్యాను. ఈ సినిమాల్లో నిశ్శబ్దం అడుగున ఉండే సన్నటి మోతను అది మింగేస్తుంది. ఎండాకాలం ఫ్యాను ఆపమనలేం కాబట్టి, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మామూలు మాటలు హాయిగా వినపడేంత వాల్యూమ్ పెట్టి, ఇక రిమోట్ ముట్టకండి. డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిళ్లతో చూడండి. మొదటి 40 నిమిషాల్లో ఒక్కసారి ఆపి టీ పెట్టుకోవడానికి లేచినా గుబులు మళ్లీ మొదటి నుంచి పోగుపడాలి.

ప్రశ్న: ఏ వరసలో చూడాలి? పిల్లలతో చూడొచ్చా? (పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ముందు 'డార్క్ వాటర్', తర్వాత 'రింగు', ఆ తర్వాత 'జు-ఆన్'. నెమ్మది అలవాటయ్యాక 'క్యూర్', చివరికి కురొసావాదే 'కైరో' (2001). 'క్వైదాన్' మూడు గంటల పైచిలుకు, నాలుగు కథలు. రోజుకొక కథ చొప్పున చూసినా నష్టం లేదు. పిల్లలతో వద్దు. 'కైరో'లో ఆత్మహత్యలు వరసగా వస్తాయి, మనసు బాగాలేని రోజుల్లో దాన్ని పక్కన పెట్టండి. 'క్యూర్'లో హత్యలు చూపించే తీరు కటువుగా ఉంటుంది. తకాషి మీకె 'ఆడిషన్' (1999) మొదటి సగం ప్రేమకథలా సాగుతుంది. ఆఖర్లో చిత్రహింస చూడలేనంతగా ఉంటుంది, తెలిసి చూడాలి.

ప్రశ్న: సడాకో నిజంగా ఉండేదా? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: సడాకో కోజీ సుజుకి 1991 నవలలో పుట్టిన పాత్ర. ఆమె తల్లి కథకు మాత్రం నిజం నీడ ఉంది. కుమమోతో ప్రాంతానికి చెందిన చిజుకో మిఫునెకు మూసిన కవర్లో ఉన్నది చదివే దివ్యదృష్టి ఉందని టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలోని తొమోకిచి ఫుకురాయి 1910లో పండితుల ముందు పరీక్షలు పెట్టాడు. మోసమన్న మాటలు, పత్రికల్లో రచ్చ. 1911లో ఆమె ప్రాణం తీసుకుంది. సినిమాలో విలేకర్ల ముందు తల్లిని నిలబెట్టి పరీక్షించే నలుపు తెలుపు దృశ్యం చూసినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఫుకురాయి తర్వాత పరీక్షించిన మరొకావిడ పేరు సడాకో తకహాషి.

ప్రశ్న: మేం నలుగురం ఇంజినీరింగ్ విద్యార్థులం. ఫోన్‌తో మూడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. దెయ్యాన్ని పెడితే ఎవరో ఆటో కోసం నిలబడ్డట్టుంది. ఎక్కడ తప్పుతున్నాం? (పాఠకులు, కాకినాడ)

జవాబు: దెయ్యం మీదా నటుడి మీదా ఒకే వెలుగు పడుతోంది, అది మొదటి తప్పు. గదిలో ఒక్క బల్బే ఉంచి, దానికి మూడడుగుల దూరంలో నటుణ్ని, తొమ్మిది అడుగుల దూరంలో దెయ్యాన్ని నిలబెట్టండి. దూరం మూడింతలైతే పడే వెలుగు తొమ్మిదో వంతు. గోడలు తెల్లగా ఉంటే వెలుగు తిరిగి కొట్టి అంత తగ్గదు, అప్పుడు దెయ్యం వెనకున్న గోడకు ముదురు దుప్పటి వేలాడదీయండి. తళతళలాడే తెల్ల బట్ట వద్దు. పాత కాటన్ బట్టను పల్చటి టీ డికాషన్‌లో అరగంట నానబెట్టి ఆరేస్తే పాత శవవస్త్రం రంగు వస్తుంది.

ఫోన్‌లో ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ లాక్ చేయండి. చేయకపోతే ఎవరైనా కదలగానే ఫోన్ తనంతట తాను చీకటిని వెలిగిస్తుంది, మీరు దాచిందంతా బయటపడుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60 పెడితే ట్యూబ్‌లైటు కింద తెర మీద చారలు పాకుతాయి.

రెండో తప్పు, దెయ్యం 'రావడం'. రానివ్వకండి. షాట్ మొదలయ్యేసరికే అక్కడ ఉండాలి. ట్రైపాడ్ మీద కెమెరా కదలకుండా 12 నుంచి 15 సెకన్లు. నటుడు ముందు భాగంలో ఏదో మామూలు పని, చెప్పాలంటే పాలగిన్నె కడగడం. దెయ్యం వంటింటి గుమ్మం దగ్గర, మనిషి నిలబడాల్సిన చోటు కాకుండా తలుపుకూ గోడకూ మధ్య ఇరుకులో, సగం కనపడేలా. నటుడు ఫ్రేములోంచి వెళ్లిపోయాక మరో రెండు సెకన్లు ఉంచి కట్ చేయండి. దెయ్యం క్లోజప్ వద్దు, 'ఢాం' అనే శబ్దం అసలే వద్దు. ఆ శబ్దం వేస్తే ఎటు చూడాలో మీరే చెప్పేసినట్టు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి విషయం తెలియని ముగ్గురికి ఒక్కసారే చూపించండి. ముగ్గురూ మొదటి రెండు సెకన్లలోనే పట్టేస్తే వెలుగు ఎక్కువైంది. ఎవరూ పట్టకపోతే దెయ్యాన్ని ఒక అడుగు బల్బు వైపు జరపండి. ఒకరు మధ్యలో పట్టుకుని, 'మళ్లీ వెయ్' అని మిగతావాళ్లు అడిగితే కుదిరినట్టు.

తిరగేసిన నడక ప్రయత్నించాలనుంటే ఆ ఫ్రేములో ఇంకేదీ కదలకూడదు. ఫ్యాను, కర్టెన్, కారే కొళాయి, అగరొత్తి పొగ, గోడ గడియారం, వీటిలో ఏది ఉన్నా గుట్టు రట్టు. వెనక్కి నడిచేటప్పుడు నటుడికి గోడ తగలకుండా నేల మీద మూడు చోట్ల టేపు అంటించి, ముందు పదిసార్లు సాధన చేయించండి. మూడు నాలుగు సెకన్లకు మించి వాడవద్దు, ఎక్కువైతే కన్ను చిట్కాను కనిపెట్టేస్తుంది.

శబ్దానికి, షూటింగ్ అయ్యాక అదే గదిలో అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం పాటు ఉత్త గదిని రికార్డు చేయండి. ఫ్రిజ్ మోత ఉంటే ఉండనివ్వండి. దాన్ని సినిమా అంతా అడుగున పరచండి. దెయ్యం ఉన్న షాట్‌కు మూడు సెకన్ల ముందు ఫ్రిజ్ మోతను మెల్లగా పూర్తిగా తగ్గించి, షాట్ అయ్యాక వెంటనే తీసుకురాకండి. తర్వాతి దృశ్యంలో నటుడు వేరే గదిలో దీపం వేసేదాకా ఆగండి.